365 యువీ టార్చ్ రివ్యూ: తేళ్లని చూడ్డానికి కొన్నా, చంపడానికి కాదు

ముందే చెప్పేస్తున్నా, ఇది ఎవరో ఫ్రీగా పంపితే రాస్తున్న రివ్యూ కాదు, నా జేబులోంచి రెండు వేలకి కొంచెం తక్కువ పోయింది. బ్రాండ్ పేరు చెప్పట్లేదు, ఎందుకంటే ఈ యువీ, అంటే అల్ట్రావయొలెట్ టార్చ్‌లన్నీ అదే నల్ల అల్యూమినియం బాడీ, మీద స్టిక్కర్ ఒక్కటే మారుద్ది, కాబట్టి పేరు చూసి కొంటే లాభం లేదు, లోపల ఏముందో చూసి కొనాలి. మామూలుగా వీటిని షాపులవాళ్లు నోట్లు చెక్ చేయడానికి, ఏసీ మెకానిక్‌లు గ్యాస్ ఎక్కడ లీకవుతుందో పట్టుకోడానికి, కుక్కని పెంచుకునేవాళ్లు అది ఏ మూల పోసిందో వెతకడానికి కొంటారు. నేను కొన్నది మాత్రం తేళ్ల కోసం. మా ఆవిడ ఆర్డర్ డీటెయిల్స్ చూసి ఏం మాట్లాడకుండా ఫోన్ తిరిగిచ్చేసింది, అంటే మీకు అర్థమయ్యే ఉంటది.

మాది మణికొండ వెనక వైపు, అపార్ట్‌మెంట్ గోడ దాటితే బండరాళ్ల గుట్ట. వానలు మొదలవ్వగానే సెల్లార్‌లోనో కరెంట్ మీటర్ల దగ్గరో గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ల బాత్రూంలోనో తేలు కనబడుద్ది, ఎవరో ఒకరు చెప్పుతో కొట్టి ఆ నలిగిన ఫోటో వాట్సాప్ గ్రూప్‌లో పెడతారు, కింద వరసగా దండాలు, తర్వాత పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలవాలా వద్దా అని మొదలై అది మెయింటెనెన్స్ డబ్బుల గొడవ దగ్గర ఆగుద్ది. ఆ తేలు ఏ రకం, ఎటునుంచి వచ్చింది, ఇంకా ఎన్ని ఉన్నాయి, కుడితే నిజంగా ఏమవుద్ది, ఒక్కళ్లు అడగరు. అసలు మనం ఈ గుట్టల మధ్యకి వచ్చి ఫ్లాట్లు కొనుక్కున్నాం, హైదరాబాద్ బండలు రెండొందల యాభై కోట్ల ఏళ్లవి అంటారు జియాలజీవాళ్లు, తేళ్లు భూమ్మీద నలభై కోట్ల ఏళ్లకి పైనుంచే ఉన్నాయి, డైనోసార్లకంటే చాలా ముందు, మన గేటెడ్ కమ్యూనిటీ వయసు ఆరేళ్లు. ఎవరింట్లోకి ఎవరు వచ్చారో మీరే చెప్పండి.

సరే టార్చ్ సంగతి. తేలు ఒంటిమీద ఉండే గట్టి పెంకులో కొన్ని పదార్థాలు ఉంటాయి, మన కంటికి కనబడని అల్ట్రావయొలెట్ కాంతి వాటిమీద పడితే అవి దాన్ని తీసుకుని నీలం, పచ్చ కలిసిన వెలుగుగా బయటికి వదుల్తాయి. ఇది 1950లలోనే సైంటిస్టులు గమనించారు, 1999లో ఆ పదార్థాల్లో ఒకటి బీటా కార్బొలిన్ అని తేల్చారు. ఎందుకు మెరుస్తుంది, దానివల్ల తేలుకి ఏం లాభం అన్నదానిమీద మాత్రం ఇప్పటికీ వాళ్లలో వాళ్లకే ఒక మాట కుదరలేదు, వెన్నెల ఎంత ఉందో ఒళ్లంతటితో పసిగట్టడానికి అని ఒకళ్లు, అదేం లేదు పెంకు గట్టిపడేటప్పుడు ఊరికే వచ్చిన గుణం అని ఇంకొకళ్లు. నాకైతే ఈ తెగని పంచాయితీయే నచ్చింది.

ఇప్పుడు కొనేవాళ్లకి పనికొచ్చే ముక్క. మార్కెట్లో రెండు రకాలు దొరుకుతాయి, 395 నానోమీటర్లు, 365 నానోమీటర్లు, అంటే ఆ కాంతి తరంగం పొడవు. మన కంటికి దాదాపు 400 నుంచి కనబడ్డం మొదలవుద్ది, 395 దానికి మరీ దగ్గర కాబట్టి ఆ టార్చ్ వేస్తే ఊదా రంగు వెలుగు గోడంతా పరుచుకుంటది, ఆ వెలుగులో తేలు మెరుపు సగం కలిసిపోద్ది. మూడొందలకీ నాలుగొందలకీ వచ్చేవన్నీ ఇవే. తేలు దగ్గర్లో ఉంటే వీటిలో కూడా కనబడుద్ది, లేదని చెప్పను, కానీ నాలుగడుగులు దాటితే కష్టం. 365 అయితే, అదీ ముందు నల్లటి ఫిల్టర్ గ్లాస్ ఉన్నదైతే, టార్చ్ వెలిగిందో లేదో మనకే డౌటొస్తది, అంత చీకటిగా ఉంటది, కానీ తేలు మీద పడిందంటే గోడ చివరనుంచి కూడా కొట్టొచ్చినట్టు కనబడుద్ది.

నాకు ఫస్ట్ వచ్చిన పీసు బాక్స్ మీద 365 అని ఉంది, ఆన్ చేస్తే పెళ్లి ఊరేగింపు లైటింగ్ అంత ఊదా. సెల్లర్‌కి ఫోటోలు, వీడియోలు అన్నీ పెట్టా, తేలు కుట్టిన దొంగల్లా సైలెంట్, ఉలకరు పలకరు. చివరికి రిటర్న్ గడువు అయిపోయేముందు రోజు డబ్బులు వెనక్కొచ్చాయి. కాబట్టి రిటర్న్ లేని చోట కొనకండి, వచ్చిన రోజే టెస్ట్ చేయండి. టెస్ట్ సింపుల్, చీకటి గదిలో తెల్ల గోడ మీద వేయండి, ఊదా వెలుగు దట్టంగా పరుచుకుంటే అది 395. ఫిల్టర్ లేని 365 కొంచెం పాలిపోయిన తెలుపుగా ఉంటది, ఫిల్టర్ ఉన్నది గోడ మీద దాదాపు ఏం చూపించదు.

ఇంట్లో ఆడుకోడానికి కూడా బాగుంది, ఇది నేను అనుకోని బోనస్. ఐదొందల నోటు మీద నంబర్లు వెలుగుతాయి, కాగితంలో కలిపిన సన్న దారప్పోగులు రంగురంగుల్లో బయటపడతాయి. టానిక్ వాటర్ సీసా నీలంగా వెలుగుద్ది, అందులో క్వినైన్ ఉంటది కదా అందుకు. బీ కాంప్లెక్స్ మాత్ర నీళ్లల్లో వేస్తే పచ్చటి పసుపు, అది రైబోఫ్లేవిన్ పని. హ్యాండ్ శానిటైజర్‌లో చిటికెడు పసుపు కలిపి చూపిస్తే మా పాప అరగంట సేపు బాత్రూంలోంచి బయటికి రాలేదు. సర్ఫ్‌లో ఉతికిన తెల్ల చొక్కాలు కూడా వెలుగుతాయి, డిటర్జెంట్లలో తెలుపు కనబడ్డానికి కలిపే మందు వల్ల. ఇక టాయిలెట్ కమోడ్ చుట్టూ వేసి చూడకండి, కొన్ని విషయాలు తెలీకపోవడమే మంచిది, పనమ్మాయి ముందు పరువు పోద్ది.

అసలు పని గురించి. అమావాస్య దగ్గర్లో, వాన పడి ఒకట్రెండు రోజులు తెరిపిచ్చాక, రాత్రి ఎనిమిది దాటిన తర్వాత బెస్ట్. నిండు వెన్నెల్లో తేళ్లు బయట తిరగడం తక్కువ, పైగా మనకి మెరుపు కూడా సరిగ్గా తెలీదు. నేను, పాప, మా వాచ్‌మన్ అన్న, ముగ్గురం మా వెనక గోడ వెంబడి నడిచాం. ఆ గోడ సిమెంట్ గోడ కాదు, బిల్డర్ మిగిలిపోయిన బండ ముక్కలు పేర్చి సందుల్లో అక్కడక్కడ మాలు కొట్టి వదిలేసింది, తేళ్లకి అంతకంటే మంచి ఫ్లాట్లు ఉండవు. వాచ్‌మన్ అన్నది పాలమూరు వైపు, మొదట నవ్వాడు, "తేలును ఎతుకవొయ్యేటోణ్ణి మిమ్మల్నే జూస్తున్న సార్" అన్నాడు.

టార్చ్ వేసిన రెండో నిమిషంలో మోకాలి ఎత్తులో సందులోంచి రెండు లావుపాటి పట్టుకాళ్లు మాత్రం బయటికి, నీలి పచ్చ. "నాన్నా రేడియం తేలు!" అని అరిచింది పాప. అన్న వంగి చూసి, నా మామూలు టార్చ్ అడిగి వేసి, "గిది మండ్రగబ్బ సార్, నల్లగ పెద్దగుంటది, కుడితే మస్తు మంట వెడ్తది గని పానం మీదికి రాదు, ఎర్ర తేలు అయితెనే పరేషాన్" అన్నాడు. తర్వాత చదివితే ఆయన మాట చాలావరకు కరెక్టే. మోటు లెక్క ఒకటి ఉంది, ముందు పట్టుకాళ్లు లావుగా, తోక సన్నగా ఉంటే విషం తక్కువ, దాని బలం పట్టులో ఉంటది, పట్టుకాళ్లు సన్నగా, తోక లావుగా ఉంటే జాగ్రత్త. ఇది ప్రతి రకానికీ వర్తించే రూల్ కాదు, దీన్ని నమ్మి చేత్తో పట్టుకోకండి బాబూ, కానీ మన వైపు దొరికే ఈ రెండింటి మధ్య తేడా తెలుసుకోడానికి పనికొస్తది.

దాన్ని కదిలించలేదు, మూడడుగుల దూరంలో కూర్చుని చూశాం. పట్టుకాళ్ల మీద సన్నటి వెంట్రుకలు నిలబడి ఉంటాయి, వాటితో గాలి కదలికని పసిగడుద్ది, ఎందుకంటే కళ్లు అన్ని ఉన్నా చూపు అంతంతమాత్రం. పాప దూరంనుంచే మెల్లగా ఊదింది, అది పట్టుకాళ్లు లోపలికి లాక్కుంది, కాసేపాగి మళ్లీ బయట పెట్టింది. మళ్లీ ఊదబోతే నేనే వద్దన్నా. కింద ఎక్కడో కీచురాయి అరుస్తుంది, ఈ తేలు కాచుకుని కూర్చుంది దానికోసమే అయ్యుంటది, మనం వచ్చి దాని డిన్నర్ చెడగొట్టడం ఎందుకని లైట్ తీసేశాం. ఇంకో సంగతి, యువీ వాటికి ఇష్టం ఉండదు, ఎక్కువసేపు వేస్తే నీడలోకి జరుగుతాయి, అలా వేస్తూనే ఉంటే ఒంటి మెరుపు కూడా తగ్గుద్దట, కాబట్టి కాసేపు చూసి ఆపేయడం పద్ధతి.

ఇంకొంచెం ముందుకెళ్తే ఇసుక కుప్ప పక్కన చిన్నది ఒకటి, మెరుస్తుంది గానీ కదలదు. ఊదినా కదలదు. అన్న పుల్లతో కదిపితే గాలికి తేలిపోయింది, అది తేలు కాదు, తేలు విడిచిన కుబుసం. పాముదే కాదు తేలుది కూడా కుబుసమే, పెరిగేకొద్దీ పాత పెంకు వదిలేస్తుంది. పాప దాన్ని పుల్ల మీదే ఎత్తి మామూలు టార్చ్ ముందు పెట్టి చూసింది, కాళ్లు ఎనిమిదీ ఉన్నాయి, పట్టుకాళ్ల వేళ్లు ఉన్నాయి, కొండి కొనతో సహా ఉంది, కడుపు కింద చిన్న దువ్వెనలాంటివి రెండు ఉంటాయి నేల వాసన పట్టడానికి, వాటి పళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. తల ముందు భాగం మూతలా తెరుచుకుని ఉంది, తేలు బయటికి వచ్చింది అందులోంచే. మా పాప ఆ మూత మూసి తెరిచి మూసి తెరిచి చూస్తానే ఉంది. ఇప్పుడది అగ్గిపెట్టెలో దూది మీద ఉంది, స్కూల్‌కి తీసుకెళ్తానంటే టీచర్‌ని ముందు అడగమన్నా.

ఈ కుబుసం దగ్గరే టార్చ్ లోపం కూడా తెలిసింది. పాత పెంకు వదిలేసిన తేలు కొత్త పెంకు గట్టిపడేదాకా సరిగ్గా మెరవదు. అంటే ఆ కుబుసం వదిలినది పక్కనే రాయి కింద ఉన్నా కొన్నాళ్లు ఈ టార్చ్‌కి దొరకదు. కాబట్టి యువీలో ఏం కనబడలేదు అంటే ఏం లేదని కాదు, సెల్లార్‌లో ఒకసారి లైట్ తిప్పేసి హమ్మయ్య అని చెప్పుల్లేకుండా తిరగొద్దు. పాములు తేళ్లలా మెరవవు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగూ మన చుట్టుపక్కల ఉన్నవే, వాటికి మామూలు తెల్ల టార్చే గతి. అందుకే ఒక చేతిలో ఇది, ఇంకో చేతిలో మామూలుది, కాళ్లకి షూస్, ఈ మూడూ లేకుండా దిగొద్దు. అమెజాన్ రివ్యూల్లో ఒకాయన ఇది ఉంటే పాముల భయం లేదు అని ఐదు స్టార్లు ఇచ్చాడు, అది చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఎర్ర తేలు గురించి కూడా కొంచెం. మన దేశంలో తేళ్లన్నిట్లో ఎక్కువ ప్రమాదం దాంతోనే, తెలుగు రాష్ట్రాల్లో కూడా ఉంటది, సైజులో మండ్రగబ్బ కంటే చిన్నది, రంగు ఎర్ర గోధుమ నుంచి పసుపు దాకా. చిన్నపిల్లలకి ఎక్కువ ప్రమాదం. కుట్టాక విపరీతంగా చెమటలు, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడ్డం కనబడితే అది గుండె మీదికి వెళ్తుందన్నమాట, కట్టు కట్టడం, బ్లేడుతో కోయడం, మంత్రం అంటూ టైం వేస్ట్ చేయకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి, పిల్లల్ని అయితే లక్షణాలకోసం కూడా ఆగకుండా తీసుకెళ్లాలి. దీనికి బీపీ మందు ప్రాజోసిన్‌తో ట్రీట్‌మెంట్ మొదలుపెట్టి ఎంతోమందిని బతికించింది మహారాష్ట్రలో మహాడ్ అనే ఊళ్లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, 2022లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఒక పల్లె డాక్టరు పేషెంట్ల పక్కనే కూర్చుని గంటగంటకీ ఏం జరుగుతుందో రాసుకుంటూ పోయాడు, అక్కణ్ణుంచి దారి దొరికింది. తేలు కుట్టుడికి మనూళ్లల్లో మంత్రగాళ్లు ఎందుకు అంత ఫేమస్సో తెలుసా, చాలా తేళ్ల నొప్పి దానంతటదే కొన్ని గంటల్లో తగ్గిపోద్ది, క్రెడిట్ మంత్రానికి పోద్ది.

మా అత్తమ్మ జగిత్యాల నుంచి వచ్చినప్పుడు ఇదంతా చూసి, "తేలు కనవడ్తె చెప్పు తియ్యాలె గని టార్చి తీసుడేంది అల్లుడా" అన్నారు. ఆమె భయం ఉత్త భయం కాదు, చిన్నప్పుడు పిడకల గూట్లో చెయ్యి పెడితే కుట్టిందట, రాత్రంతా ఏడ్చిందట. నేను వాదించలేదు. పాపే చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్లింది. ఆ రోజు మా లక్కు, ఒక తల్లి తేలు, వీపు మీద పిల్లలు కుప్పగా. తేలు గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటది, మొదటి కుబుసం విడిచేదాకా వీపు మీదే మోస్తది. తల్లి మెరుస్తుంది, పిల్లలు మాత్రం తెల్లగా మసగ్గా ఉన్నాయి. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెండడుగులు వెనకే నిలబడి, చాలాసేపు చూశారు. "అన్నిట్ని ఎట్ల మోస్తుందే గది" అన్నారు. తర్వాత ఇంట్లోకి రాగానే గుమ్మం కింద సందుకి పాత టవల్ కుక్కారు, దుప్పట్లు దులిపి మళ్లీ పరిచారు. రెండూ కరెక్టే నా లెక్కలో. ఇంట్లోకి వస్తే తియ్యాల్సిందే, మేం అయితే వెడల్పు మూతి సీసా బోర్లించి కింద అట్ట దూర్చి గోడవతల వదుల్తున్నాం, ఎర్రదయినా నల్లదయినా, చెయ్యి మాత్రం అట్ట అంచుకి దూరంగా. పాములకి మాత్రం మనం వేలు పెట్టొద్దు, హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లున్నారు, వాళ్లని పిలవండి, వాళ్లు వచ్చేదాకా దూరంనుంచి కన్నేసి ఉంచండి.

తేళ్లే కాదు, రాళ్ల మీద అతుక్కుని ఉండే లైకెన్ అనే నాచులాంటి మచ్చలు కొన్ని నారింజ రంగులో వెలుగుతాయి, పగలు చూస్తే అవి రంగు పోయిన పెయింట్ అనుకుంటాం. గుట్ట బండల మీద వేస్తే ఒక్కో బండ ఒక్కో మ్యాపు. కొన్ని గొంగళిపురుగులు, సాలీళ్లు కూడా మెరుస్తాయి. ఆరుద్ర పురుగులు యువీలో చూడాలని పాప పట్టు పట్టింది గానీ అవి పగలు తిరిగేవి, మా వైపు ఇప్పుడు కనబడ్డం కూడా తగ్గిపోయింది, చూస్తే చెప్తా.

టార్చ్ క్వాలిటీకి వస్తే, బాడీ గట్టిది, రెండుసార్లు బండ మీద పడినా ఏం కాలేదు. 18650 అనే సైజు రీచార్జబుల్ సెల్, యూఎస్‌బీ-సీ చార్జింగ్, మా వాడకానికి గంటంపావు దాకా ఫుల్ వెలుగిస్తుంది, తర్వాత మెల్లగా తగ్గుద్ది. పది నిమిషాలకే తలకాయ వేడెక్కుద్ది, పిల్లల చేతికిస్తే మెడ దగ్గర పట్టుకోమనండి. స్విచ్ తోక దగ్గర ఉంది, పొరపాటున బ్యాగులో నొక్కుకుని సెల్ అయిపోయే ఛాన్స్ ఉంది, కాబట్టి వాడనప్పుడు వెనక మూత సగం తిప్పి వదులు చేయండి. జూమ్ ఉంది గానీ వేస్ట్, ఫోకస్ లాగితే మధ్యలో చదరంగా ఎల్ఈడీ బొమ్మ పడుద్ది. ఫోన్‌తో ఫోటో తియ్యాలంటే నైట్ మోడ్‌లో ఆనించి తియ్యాలి, చేత్తో తీస్తే అన్నీ పచ్చ మరకలే.

ఎక్కడ వాడాలి అంటే మీ గోడ, మీ టెర్రస్, చుట్టాల పొలం, మొయినాబాద్, వికారాబాద్ వైపు తెలిసినోళ్ల ఫామ్‌హౌస్, ఇంతే. కేబీఆర్, చిలుకూరు దగ్గర మృగవని నేషనల్ పార్కులు, రాత్రి పూట అక్కడ మనకి పని లేదు. ఖాజాగూడ గుట్టల దగ్గర చూద్దామని కొందరు అడుగుతున్నారు, నా మాట వినండి, అక్కడ రాత్రి తేళ్లకన్నా పగిలిన బీరు సీసాలు, కుక్కలు ఎక్కువ. రాళ్లు తిరగేయకండి, తిరగేస్తే ఎలా ఉందో అలా పెట్టండి, దాని కింద ఎవరిదో ఇల్లు ఉంటది.

రేటింగ్ నాలుగు. ఒక స్టార్ ఎందుకు కోశానంటే దీంతోపాటు ఇచ్చిన పసుప్పచ్చ కళ్లద్దాలు ఉత్త ప్లాస్టిక్, అదే టార్చ్ వాటిగుండా ఐదొందల నోటు మీద వేస్తే నంబర్లు అలాగే వెలిగాయి, అంటే యువీ ఆగట్లేదు. యువీ ఆపేవి విడిగా కొనుక్కోండి, పిల్లలు ఉంటే అది ఆప్షనల్ కాదు, తెల్ల గోడల మీద, అద్దాల మీద, ఎవరి మొహం మీదా వేయొద్దని ముందే గట్టిగా చెప్పండి.